గుమ్మడికాయ కొట్టిన రోజు

కోటేశ్వరమ్మగారికి తన ఫ్రిజ్‌లో స్కూటీ తాళంచెవి దొరికిన రోజునుంచి ఈ కథ చెప్పుకోవాలి.

పెరుగుగిన్నెకూ కరివేపాకు పొట్లానికీ మధ్య, ఎర్రదారం కట్టిన తాళంచెవి, చల్లగా. అది పైపోర్షన్‌లో అద్దెకుంటున్న అమ్మాయిలది. ఆ రోజు పొద్దున వాళ్ళు ఒక చిన్న సినిమా ముక్క తీసుకుంటామని ఆమె వంటిల్లు అడిగి పుచ్చుకున్నారు.

"ఏమే అమలా, మతిమరుపుకైనా హద్దుండాలి. బండి తాళం తెచ్చి పెరుగు పక్కన పెడతారా ఎవరైనా?"

అమల నవ్వింది. "మతిమరుపు ఉందనే పెట్టాం పిన్నీ. ఫ్రిజ్ మోత మైకులోకి వస్తుందని షూటింగప్పుడు స్విచ్ ఆపేస్తాం. హడావిడిలో మళ్ళీ వెయ్యడం మర్చిపోతే మీ పాలు విరిగిపోతాయి. తాళం అందులో ఉంటే, మేం బయటికి కదలాలంటే ఫ్రిజ్ తలుపు తియ్యాల్సిందే. తీస్తే గుర్తొస్తుంది. ఇది భాను పెట్టిన రూలు. ఎవరింట్లో తీసినా ఇంతే."

కోటేశ్వరమ్మగారు ఆ చల్లటి తాళంచెవిని తీసినచోటే మళ్ళీ పెట్టింది. పరాయి ఇంటి పాలు విరక్కూడదని ఇంత దూరం ఆలోచించే మనిషి చేతిలో ఏ పని పెట్టినా అది చెడిపోదని ఆమెకు ఆ క్షణాన గట్టిగా అనిపించింది. ఆమెది రేపల్లె దగ్గర పల్లె. చదివింది ఊరి బడిలో ఏడో తరగతి దాకానే. మనిషిని చూసి లెక్కకట్టడానికి ఆమెకు తెలిసిన కొలతలు ఇలాంటివే.

భర్త విశ్వేశ్వరరావుగారు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పి, సాయిబాబా గుడికి నడిచి వెళ్ళేంత దూరంలో ఈ ఇల్లు కట్టి, కన్నుమూశారు. పైపోర్షన్‌లోకి చాలామంది వచ్చారు, వెళ్ళారు. భానుప్రియ, అమల మాత్రం ఉండిపోయారు.

భానుప్రియ పుట్టింది ఇబ్రహీంపట్నం పక్కన పల్లెలో. తండ్రి మల్లేశం వ్యాను నడపడానికి ఎల్బీ నగర్ వచ్చి, రింగురోడ్డు పక్కన కిరాయి గదిలో కాపురం పెట్టాడు. తల్లి బాలలక్ష్మి ఒక బడిలో ఆయా. డిగ్రీ చదువుతూనే భానుప్రియ చౌరస్తాలో ఒక ఫోటో స్టూడియోలో చేరింది. మొదట పాస్‌పోర్టు ఫోటోల వెనక తెల్లగుడ్డ సర్దడం, ముఖాల మీది మచ్చలు కంప్యూటర్‌లో తుడవడం. తర్వాత పెళ్ళి వీడియోలు. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలోకి మగ కెమెరామన్ వస్తానంటే పెద్దవాళ్ళు ఊరుకోరు. "గా పిల్లను పంపున్రి" అనేవాళ్ళు. అలా కర్మన్‌ఘాట్ నుంచి హయత్‌నగర్ దాకా ఫంక్షన్ హాళ్ళలో ఉన్న పెళ్ళికూతుళ్ళ గదులన్నీ ఆమెకు బడి అయ్యాయి.

ఆ గదుల్లో పెళ్ళికూతుర్ని అందరూ చూస్తారు. కుచ్చిళ్ళు సర్దడానికి మోకాళ్ళ మీద కూర్చున్న స్నేహితురాలిని ఎవరూ చూడరు. ఒకసారి అలాంటి స్నేహితురాలు పిన్నీసు పెడుతూ పెడుతూ, పెళ్ళికూతురి మోకాలికి నుదురు ఆనించి, కళ్ళు మూసుకుని ఉండిపోయింది. భానుప్రియ చేతిలో కెమెరా నడుస్తూనే ఉంది. ఆ ముక్కను ఆమె ఎవరికీ చూపించలేదు. ఇంటికి వెళ్ళకముందే తుడిచేసింది. ఒకరి గుండెను దొంగతనంగా పట్టుకున్నట్టు అనిపించిందట. అయితే తన గుండె సంగతి కూడా ఆమెకు ఆ రోజే పూర్తిగా అర్థమైంది. తానూ అలాగే ఎవరి మోకాలికో నుదురు ఆనించాలని చిన్నప్పటినుంచీ అనుకుంటూ వచ్చిన మనిషి.

ఆ జ్ఞాపకంలోంచే ఆమె మొదటి సినిమా పుట్టింది. సినిమా అంటే పావుగంటది. స్టూడియోలో తనతో పనిచేసే మహేందర్ కెమెరా పట్టాడు. పెళ్ళిళ్ళు లేని మూఢాల్లో ఫంక్షన్ హాలు మేనేజరు జాలిపడి గది తెరిచిచ్చాడు. శబ్దం పట్టడానికి వనస్థలిపురం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో కర్రకు కట్టిన మైకు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన ఉద్యోగస్తుల పిల్ల, అమల. ఆ రోజు గాజుల చప్పుడు పట్టడానికి వచ్చిన అమల ఇక వెనక్కి వెళ్ళలేదు.

ఇవన్నీ కోటేశ్వరమ్మగారికి ముందే తెలిసినవి కావు. ఆమె చూసినవి వేరు. భానుప్రియకు జ్వరం వస్తే అమల దానిమ్మగింజలు ఒలిచి, అందులో తెల్లపొర ఒక్కటి లేకుండా ఏరి పెట్టడం చూసింది. అమల బస్సు దిగి వచ్చే వేళకు భానుప్రియ ఏ పనిలో ఉన్నా లేచి వీధి దీపం కింద నిలబడడం చూసింది. ఆ ఇద్దరి మధ్య ఉన్నదానికి పేరు ఆమెకు ఎవరూ నేర్పలేదు. పేరు లేకపోయినా తులసి దగ్గర దీపం పెట్టేటప్పుడు ఆ ఇద్దర్నీ కలిపే తలుచుకునేది.

మెట్రో రైలు ఎల్బీ నగర్ దాకా వచ్చిన నెలలోనే ఢిల్లీలో పెద్ద కోర్టు, ఆడది ఆడదాన్ని ప్రేమించినా మగవాడు మగవాణ్ణి ప్రేమించినా నేరం కాదని తీర్పు చెప్పింది. ఆ ఏడాది చివర్లో బెంగళూరులో భానుప్రియ సినిమా వేశారు. వేదిక మీదికి పిలిచి మాట్లాడమంటే ఆమె మైకు పట్టుకుని, "నేను ప్రేమించింది ఆడమనిషిని. ఆమె పేరు అమల. మీరు ఇన్న గాజుల సప్పుడు పట్టింది ఆమెనే" అంది. అంతే అంది. జనం లేచి నిలబడ్డారు.

ఆ ముక్క ఫోన్ల మీదుగా తిరిగి తిరిగి గురువారం భజనకు చేరింది. పక్కింటి అండాలమ్మ ఫోను చేయి చాపి పట్టుకుంది. "సూడు కోటేశ్వరమ్మా, నీ మీది పోర్షన్ పిల్లల ముచ్చట. ఊరంత ఎర్కైంది, ఇంటామెకు ఎర్కలే."

ఆ సాయంత్రం భానుప్రియ కిందికి దిగి వచ్చింది. ఎప్పుడూ నిటారుగా ఉండే పిల్ల తలుపు చెక్కకు ఆనుకుని నిలబడింది.

"ఆంటీ, ఫోన్ల జూసిన్రంట గదా."

"చూశాను."

"ఖాళీ చెయ్యమంటే చేస్తం. జర టైం ఇయ్యిన్రి, ఇల్లు ఎతుక్కోవాలె."

కోటేశ్వరమ్మగారి చేతిలో పొయ్యి మీదినుంచి అప్పుడే దించిన గోంగూర పప్పు గిన్నె ఉంది. "ముందా గిన్నె పట్టుకో అమ్మాయ్. చెయ్యి కాలిపోతోంది నాకు" అంది.

భానుప్రియ గిన్నె అందుకుని పైకి తీసుకుపోయింది. అంతటితో ఆ సంగతి అయిపోయింది. వాళ్ళు ఖాళీ చెయ్యలేదు, ఈమె చెయ్యమనలేదు. కానీ ఔననీ కాదనీ ఒక్క మాట ఎవరి నోటా రాలేదు. ఆ మాట గిన్నె కిందే ఉండిపోయింది.

తర్వాతి ఏళ్ళలో భానుప్రియ పని పెరుగుతూ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో ఉండి కోచింగ్‌కు వెళ్ళే ఆడపిల్లల మీద యూట్యూబ్‌లో చిన్న చిన్న భాగాలుగా ఒక కథ తీసింది. తలంటుకుని డాబా మీద జుట్టు ఆరబెట్టుకుంటూ ఆ పిల్లలు చెప్పుకునే కబుర్లే ఆ కథంతా. జిల్లాల నుంచి వచ్చే బస్సుల్లో ఆడపిల్లలు అది చూసి నవ్వుకోవడం కోటేశ్వరమ్మగారు కళ్ళారా చూసింది. "ఈ అమ్మాయి మా పైపోర్షనే" అని పక్కసీటు పిల్లకు చెప్పేసి, తర్వాత సిగ్గుపడింది.

ఆ పిల్ల పనిచేస్తుంటే చూడడం కోటేశ్వరమ్మగారికి ఒక దర్శనం. మిట్టమధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, ఒక్క చిన్న దీపంతో ఇంటినిండా అర్ధరాత్రి తెచ్చేది. పూలమొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో అద్దం మీద వాన కురిపించేది. ఒకరోజు కోటేశ్వరమ్మగారిని పిలిచి చిన్న తెరలో ఆమె వంటింటినే చూపించింది. ఏటవాలుగా పడిన ఎండలో అన్నం ఆవిరి మెల్లగా తిరుగుతోంది. హారతి పళ్ళెం మీది పొగలా ఉంది.

"ఇది నా వంటిల్లేనా?"

"మీరు రోజు జూస్తరు గద ఆంటీ. అందుకే కనవడదు."

ఆ పిల్ల పద్ధతే వేరు. నటించేవాళ్ళను ఊరికే నిలబెట్టి మాట్లాడించదు. చేతికి ఏదో ఒక ఇంటిపని ఇస్తుంది. చెయ్యి పనిలో ఉంటే నోరు అబద్ధం ఆడదంటుంది. ఒక్కరి ముఖమే దగ్గరగా తీసేటప్పుడు ఎదుటివారి మాటలు తానే చెబుతుంది, కెమెరా పక్కన చిన్న పీట వేసుకుని. 'కట్' అని అరవదు. చాలనుకున్నప్పుడు, నిద్రపోతున్న పసిపిల్ల లేస్తుందేమోనన్నట్టు, "సాలు" అంటుంది.

పోయిన ఏడాది ఒక ఓటీటీ కంపెనీ ఆమెను పిలిచి పెద్ద వెబ్ సిరీస్ ఇమ్మంది. అందులో కథ ఒక అమ్మాయిది. ఎల్బీ నగర్‌లో పెరిగి, ఇంకో అమ్మాయిని ప్రేమించి, ఆ మాట తల్లికి ఎలా చెప్పాలా అని భాగం తర్వాత భాగం నలిగిపోయి, ఆఖరికి చెబుతుంది. చెప్పే ఆ సీను కోటేశ్వరమ్మగారి ఇంట్లోనే తియ్యాలి. తల్లి వేషానికి సూర్యప్రభ అనే పెద్ద నాటకాల నటి ఒప్పుకుంది. ఆమె ముఖం అప్పటిదాకా సిరీస్‌లో ఎక్కడా పడలేదు. తల్లిని అన్ని భాగాల్లోనూ ఫోన్‌లో గొంతుగానే ఉంచి, ముఖం ఆఖరి సీనుకు దాచింది భానుప్రియ. ఆ వారంలో అది తీసి ఇవ్వకపోతే కంపెనీ మొత్తాన్నీ పక్కన పెట్టేస్తుంది. అన్నేళ్ళ పని ఒక్క సీను మీద నిలబడింది.

రిహార్సల్ చూసిన సాయంత్రం కోటేశ్వరమ్మగారు ఉండబట్టలేక అడిగింది. "కూతురు అంత మాట చెబితే తల్లి ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళిపోతుందేమే?"

భానుప్రియ మెట్ల మీద కూర్చుంది. "మా అమ్మ దవాఖానల ఉన్నప్పుడు రోజు టిఫిన్ పట్కపోతుంటి ఆంటీ. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకున్న. ఆమెకు ఎర్కనే గావొచ్చు. నా మొకం జూసి ఏదో అడగవోయి, 'తిన్నవా బిడ్డా' అంటుండె. చెప్పకముందే పోయింది. ఆమె ఏమంటుండెనో నాకు తెల్వదు. తెల్వంది ఎట్ల రాయాలె? అందుకే ఏమనకుండ పెట్టిన."

కోటేశ్వరమ్మగారికి ఆ రాత్రి జపమాల ముందుకు కదల్లేదు. పైగా ఆ రోజు అన్నీ అపశకునాలే. లైటు బల్బు ఢామ్మని పేలింది. మహేందర్ మెట్ల మీద కాలు మెలిక పడి కుంటుతున్నాడు. అమలకు ఒకటే తుమ్ములు. ఇంత మంచి పనికి ఎవరి కళ్ళు పడ్డాయో, ఇది దిష్టే అని ఆమె తేల్చుకుంది.

మర్నాడు, అంటే ఆఖరి రోజు, తెల్లవారుతూనే రైతుబజారుకు వెళ్ళి మంచి బూడిద గుమ్మడికాయ తెచ్చింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైన కర్పూరం వెలిగించింది. గుమ్మడికాయను ఆడవాళ్ళు కొట్టకూడదంటారు. ఇంట్లో మగవాళ్ళు లేరు కనుక పాలు పోసే నగేశ్‌ను ఆపి, గేటు ముందు కొట్టించింది. కాయ ఫెళ్ళున పగిలి, తెల్లటి గుజ్జు కుంకుమతో కలిసి వాకిలంతా పరుచుకుంది. ఆమె గుండె తేలికపడింది.

కుంటుకుంటూ, భుజాన కెమెరా స్టాండు మోసుకుంటూ వచ్చిన మహేందర్ గేటు దగ్గర ఆగిపోయాడు.

"ఎవరు కొట్టిన్రు గిది?"

"నేనే కొట్టించాను బాబూ, దిష్టి పోవాలని."

"దిష్టి సంగతి తెల్వదమ్మా, షూటింగ్ అయితే పోయింది!"

సినిమావాళ్ళ ఆచారం ఆమెకు అప్పుడు తెలిసింది. సినిమా మొదలుపెట్టేరోజు కొబ్బరికాయ కొడతారు. అంతా అయిపోయాక, ఆఖరి షాటు తర్వాత గుమ్మడికాయ కొడతారు. గుమ్మడికాయ పగిలిందంటే ఆ సినిమాకు ఇక కెమెరా ఎత్తరు. చిన్న సినిమా, పెద్ద సినిమా అని తేడా లేదు. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా దీన్ని దాటరు.

అంతలో ఆటో వచ్చి ఆగింది. సూర్యప్రభగారు దిగి, వాకిలి చూసి, చేతులు జోడించింది. గేటు దాటలేదు.

"అమ్మా భానుప్రియా, చిన్నప్పట్నుంచీ ముఖానికి రంగేసుకుంటున్నదాన్ని. గుమ్మడికాయ పగిలాక ఎప్పుడూ మేకప్ వేసుకోలేదమ్మా."

"ఎర్కలేక కొట్టిన్రమ్మా. జర లోపటికి రాండ్రి, కూసోని మాట్లాడుకుందం."

"తెలిసి కొట్టినా తెలియక కొట్టినా కాయ కాయే కదా." సూర్యప్రభగారు గొంతు తగ్గించింది. "నీ దగ్గర దాచడం ఎందుకు? ఈ సీను నిన్నట్నుంచీ నా గొంతులో ముల్లులా ఉంది. మా ఇంట్లో ఏమంటారో అని నిద్రలేదు. భగవంతుడు నాకో దారి చూపించాడనుకో. నువ్వు మాత్రం చాలా పైకి వస్తావు తల్లీ, ఇది నా నోటి మాట." భానుప్రియ తల నిమిరి, అదే ఆటోలో వెళ్ళిపోయింది.

భానుప్రియ చీపురు, చేట తెచ్చి గుమ్మడి ముక్కలు ఎత్తడం మొదలుపెట్టింది. "ఎవరన్న జారి పడ్తరు" అంది. కోటేశ్వరమ్మగారు దగ్గరికి వెళితే తలెత్తి, "మీ తప్పేం లేదాంటీ. నా కోసమే గద కొట్టిన్రు. మా అమ్మ ఉన్నా గిదే చేస్తుండె" అంది.

తిట్టినా బాగుండేది. ఆ మాట తట్టుకోలేక కోటేశ్వరమ్మగారు పూజగదిలోకి వెళ్ళి బాబా పటం ముందు కూలబడింది. 'మంచి చెయ్యబోయి పిల్ల నోటి దగ్గర కూడు తీశాను, బాబా' అనుకుంది. కళ్ళు తుడుచుకుంటుంటే పటం పక్కన గురువారానికని తెచ్చిపెట్టుకున్న కొబ్బరికాయ కనబడింది. చాలాసేపు దానివైపే చూసింది. తర్వాత దాన్ని పట్టుకుని బయటికి వచ్చింది.

"బాబూ మహేందరూ, గుమ్మడికాయ కొడితే సినిమా అయిపోయినట్టే అంటావు?"

"గంతేనమ్మా."

"సరే, అయిపోయింది. మరి కొబ్బరికాయ కొడితే?"

మహేందర్ తల గోక్కున్నాడు. "కొబ్బరికాయ కొడితే కొత్తది మొదలైనట్టు."

"అయితే ఇదిగో, కొట్టు. కొత్తది మొదలుపెట్టండి."

"మొదలువెడ్తం, మంచిగనే ఉంది. తల్లి ఏదమ్మా? తల్లి ఆటో ఎక్కి పాయె గదా."

"తల్లి ఎక్కడికి పోయిందయ్యా? ఇక్కడే ఉంది."

అమల హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుని దగ్గరికి వచ్చింది. "పిన్నీ, ఇది ఫోన్లలో అందరూ చూస్తారు. మీ ఊళ్ళోవాళ్ళు చూస్తారు. అండాలమ్మగారు చూస్తారు."

"ఆవిడ ఎలాగూ రోజంతా నా ఇంటివైపే చూస్తుంది. ఈ ఒక్కరోజు ఫోన్‌లో చూస్తుంది, మెడనొప్పి తగ్గుతుంది."

భానుప్రియ చేట కింద పెట్టి ఆమె ముఖంలోకి చూసింది. ఎంతోసేపు చూసింది, వెలుతురు ఎటునుంచి పడుతోందో చూసుకునే చూపు కాదు. "నిజంగనా ఆంటీ?" అంది. కోటేశ్వరమ్మగారు కొబ్బరికాయ మహేందర్ చేతిలో పెట్టింది.

కాయ నిండుగా, రెండు సమానమైన చిప్పలుగా పగిలింది.

వంటింటి గుమ్మం పక్కన చాప వేశారు. ఆమెకు మేకప్ వెయ్యలేదు, ఉన్న నేతచీరతోనే కూర్చోబెట్టారు. ముందు చేటలో గోంగూర కట్టలు. ఫ్రిజ్ ఆపి, అందులో తాళంచెవి పెట్టారు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. కెమెరా పక్కన పీట మీద భానుప్రియ కూర్చుంది. "భయపడకున్రి. మీరు ఆకు ఒలుసుకుంట ఉండున్రి. కూతురు మాటలు నేను చెప్త. ఇన్నంక ఏమనకుండ లేసి లోపటికి పోవాలె. గంతే."

కోటేశ్వరమ్మగారు తలూపింది. ఒక కాడ తీసి ఆకు తుంచింది. ఇంకోటి తీసింది.

"అమ్మా, నీకొక ముచ్చట చెప్పాలె."

ఆ గొంతు విని ఆమె తలెత్తింది. పీట మీద ఉన్నది ఏ సినిమా దర్శకురాలూ కాదు. దవాఖానలో టిఫిన్ డబ్బా పట్టుకుని రోజూ నిలబడి, చెప్పకుండానే తిరిగి వచ్చిన పిల్ల.

"నేను ఒక పిల్లను ప్రేమించిన. బతుకుడంటే గామెతోనే. ఇన్ని దినాలు నీకు చెప్పలే. భయమైంది."

ఇప్పుడు లేవాలి. లేచి లోపలికి వెళ్ళాలి. కోటేశ్వరమ్మగారు లేవలేదు. చేతిలోని కాడకు ఉన్న ఆకులన్నీ తుంచి, కాడ పక్కన పెట్టి, "ఆ పిల్ల పేరేంటి?" అంది.

అది కథలో లేని మాట. కథలో ఆ అమ్మాయికి ఏదో పేరుంది. అది భానుప్రియ నాలుకకు అందలేదు.

"చెప్పవేం? పేరైనా తెలియకుండా ఇంట్లోకి ఎలా పిలవనే?" ఆమె కళ్ళు కెమెరాను దాటి, మైకు కర్ర పట్టుకుని గోడవార నిలబడిన మనిషి మీద ఆగాయి. "అమలా! అక్కడేం చేస్తున్నావు? ఇలా రా. ముగ్గురం కూర్చుంటే ఈ ఆకు తొందరగా అవుతుంది."

మహేందర్ కెమెరా ఆపలేదు. ఆపడానికి చెయ్యి పోలేదని తర్వాత చెప్పాడు. అమల మైకును మెల్లగా చాప అంచున పడుకోబెట్టి, హెడ్‌ఫోన్లు మెడలో అలాగే ఉండగా, వచ్చి కూర్చుంది. భానుప్రియ పీట మీదినుంచి లేచి, ఏళ్ళ తరబడి ఇతరులను కూర్చోబెట్టిన ఆ వెలుతురులోకి తానే నడిచి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుంది.

కోటేశ్వరమ్మగారు చెరొక కట్ట వాళ్ళ ఒడిలో పెట్టింది. "ఆ రోజు అనాల్సిన మాట ఇది. గిన్నె కాలుతుంటే నోరు రాలేదు. మీరిద్దరూ మెట్లెక్కుతున్న చప్పుడు వింటేగానీ నాకు నిద్రపట్టదే. ఎవరైనా ఏమైనా అంటే, అమ్మతో చెప్పాం, అమ్మ సరేనంది అని చెప్పండి." తర్వాత చేట వైపు చూసి, "మట్టి అంటిన ఆకులు తీసెయ్యండి. పప్పులో ఇసక తగులుతుంది" అంది.

భానుప్రియ నుదురు వంగి వంగి ఆమె మోకాలికి ఆనింది. ఆమె గోంగూర పసరు అంటిన చెయ్యి ఆ తల మీద పెట్టింది. అమల ఆకు తుంచుతోంది. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నా తుంచుతూనే ఉంది. తుంచుతున్న కాడల చిట్‌చిట్ తప్ప ఆ ఇంట్లో వేరే చప్పుడు లేదు. "సాలు" అనాల్సిన మనిషి అనలేదు. చేటలో గోంగూర అయిపోయాక, మహేందరే ముక్కు ఎగబీల్చి, "సాలా?" అని అడిగాడు.

"ఏమే, పాడుచేశానా?" కోటేశ్వరమ్మగారు గాభరాగా అడిగింది. "లేవమన్నావు. మర్చిపోయాను."

భానుప్రియ తల అడ్డంగా ఊపింది.

ఫోన్‌లో వినబడే తల్లి మాటలు కూడా కోటేశ్వరమ్మగారి గొంతుతోనే మళ్ళీ చెప్పించాక, సిరీస్ గడువులోపలే వెళ్ళింది. కానీ ఆఖర్న పెట్టాల్సిన ఆ సీనును భానుప్రియ మొట్టమొదట పెట్టింది. కొబ్బరికాయ కొట్టి తీసింది కదా, అది మొదలే అవుతుంది గానీ చివర ఎలా అవుతుందని ఆమె లెక్క. కథలోని అమ్మాయిగా నటించిన పిల్ల తర్వాతి సీను నుంచి కనిపిస్తుంది. కథ నడుస్తున్నంతసేపూ ఆ పిల్ల తల్లికి ఎలా చెప్పాలా అని వణుకుతుంటే, చూసేవాళ్ళు వణకరు. లోకంలో ఎక్కడో ఒక వంటింటి గుమ్మంలో చాప పరిచి ఉందని వాళ్ళకు ముందే తెలుసు.

ఒక గురువారం వనస్థలిపురం నుంచి ఒకావిడ ఎదిగిన కూతుర్ని వెంటబెట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. కూతురి చెయ్యి వదలకుండా, "గోంగూర ఒలిచిన అమ్మగారి ఇల్లు ఇదేనాండీ?" అని మాత్రం అడిగింది. కోటేశ్వరమ్మగారు ఇద్దరికీ కాఫీ ఇచ్చింది. వాళ్ళు వెళ్ళాక బాబా పటం ముందు నిలబడి, ఊరిబడి చదువుకు ఇంత పెద్ద పని అప్పగించావా తండ్రీ అని ఆశ్చర్యపోయింది. అండాలమ్మ కూడా భజనలో పక్కకు జరిగి కూర్చుని, "పౌడర్ సుత రాస్కోకుండ గంత మంచిగ ఎట్ల జేసినవే?" అని గొణిగింది. తర్వాత, "నెక్స్ట్ దాంట్ల పక్కింటామె ఏషం ఉంటదా?" అని ఆరా తీసింది.

భానుప్రియ ఇంకో సినిమా తీసింది. దాని ఆఖరి రోజున మహేందర్ ఆచారం తప్పకుండా పెద్ద బూడిద గుమ్మడికాయ తెచ్చి వాకిట్లో పెట్టాడు. కోటేశ్వరమ్మగారు దాన్ని రెండు చేతులా ఎత్తి లోపలికి తీసుకుపోయింది.

"అరె, కొట్టాలె గదమ్మా!"

"బంగారం లాంటి కాయ నేలపాలు చేస్తారా? వడియాలు పెడతాను. ఎండాక అందరూ తలా కాసిని పట్టుకెళ్ళండి."

"కొట్టకపోతే సినిమా అయిపోయినట్టు ఎట్ల తెలుస్తది?"

"అయిపోకపోతే నష్టమేంటయ్యా?"

డాబా మీద పాతచీర పరిచారు. మినప్పిండి రుబ్బి సిద్ధంగా ఉంది. గుమ్మడికాయకు మొదటి కోత మగవాడి చేత వేయించడం రివాజు కనుక మహేందర్ చొక్కా చేతులు మడుచుకుని ముందుకు వచ్చాడు. కోటేశ్వరమ్మగారు అతన్ని దాటి, కత్తిని భానుప్రియ చేతికి ఇచ్చింది. కాయ కదలకుండా రెండోవైపు పట్టుకోమని అమలను పిలిచింది.

"ఒక్క నిమిషం పిన్నీ" అంటూ అమల పరుగున వెళ్ళి మైకు తెచ్చింది. కాయ పక్కన పెట్టి, హెడ్‌ఫోన్లు తీసి కోటేశ్వరమ్మగారి చెవులకు తగిలించి, తానొచ్చి కాయ పట్టుకుంది.

కత్తి దిగింది. పచ్చికాయ లోపలినుంచి, తొలకరి చినుకు ఎండిన నేలలోకి ఇంకుతున్నట్టు, సన్నగా ఒక చప్పుడు వచ్చింది. జీవితమంతా గుమ్మడికాయలు తరిగిన కోటేశ్వరమ్మగారు దాన్ని మొదటిసారి విన్నది.